పాత పాట ఎందుకు అర్థమవుతుందంటే

(కాకినాడలో పదవీ విరమణ చేసినవారి నెలవారీ సమావేశంలో, కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరైన ఒక అధ్యాపకురాలు చేసిన ప్రసంగం. రికార్డు విని రాసినది.)

అందరికీ నమస్కారం. కూర్చోండి, కూర్చోండి. వెనకవాళ్ళకి వినిపిస్తోందా? వినిపించనివాళ్ళు చెయ్యెత్తండి అనడం మన సభల్లో ఆనవాయితీ. వినిపించనివాళ్ళకి ఆ మాట మాత్రం ఎలా వినిపిస్తుందో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. (నవ్వులు)

కార్యదర్శి గారు ఫోన్ చేసి, "అమ్మా, వినోదం, సంగీతం, ఆరోగ్యం, ఈ మూడింటిలో మీకు తోచినదాని మీద మాట్లాడండి" అన్నారు. మన వయసులో ఈ మూడూ వేరువేరుగా ఎక్కడున్నాయండీ? సినిమాకి వెళ్దామంటే ముందు మెట్లెన్ని ఉన్నాయని అడుగుతాం. సూర్యకళా మందిరంలో కచేరీ అంటే పాడేది ఎవరో తర్వాత, బాత్రూమ్ ఎటువైపో ముందు. అంచేత మూడూ కలిపే చెప్తాను. మోకాళ్ళ జోలికి మాత్రం వెళ్ళను. వెళ్ళానంటే మీరు తలా ఒక తైలం పేరు చెప్తారు, భోజనాల వేళ దాటిపోతుంది.

ఇవాళ చెవి సంగతి. మనందరం రోజుకోసారైనా అనే మాట ఒకటుంది: "ఈ కాలం పాటలేంటో, ఒక్క ముక్క అర్థమై చావదు. ఘంటసాల పాడితే అక్షరం అక్షరం విడివిడిగా వినపడేది." నేనూ అంటాను. మా మనవరాలు కారులో పాట పెట్టగానే అంటాను. అందులో సగం నిజం. మిగతా సగం మన చెవుల్లో ఉంది. మొదటి సగం గురించి పత్రికల్లో, టీవీల్లో బోలెడంత మాట్లాడేశారు. రెండో సగం మాట్లాడటానికి ఎవరికీ మనసొప్పదు.

మా ఇంట్లో రాత్రి భోజనాల దగ్గర జరిగేది చెప్తాను. నేను మజ్జిగ పోస్తుంటాను. మావారు "చాలు" అంటారు. నాకు "పాలు" అని వినపడుతుంది. "మజ్జిగన్నంలో పాలేమిటండీ, చోద్యం కాకపోతే" అని నేను. ఈలోపు కంచం పొంగిపోతుంది. (నవ్వులు) మొదట్లో ఆయనే సరిగా పలకడం లేదనుకున్నాను, కట్టుడు పళ్ళు కదా! తర్వాత కూతురు ఫోన్‌లో మాట్లాడినా అదే తంతు. 

చాలు, పాలు, కాలు, తాలు. నాలుగు మాటల్లోనూ "ఆలు" ఒకటే. అది నాకు శుభ్రంగా వినపడుతోంది. ముందున్న హల్లే జారిపోతోంది. పాఠం చెప్పుకునేదాన్ని కదా, ఇక్కడ కొంచెం పాఠం తప్పదు. మనం పలికే అచ్చుల్లో బలమంతా తక్కువ ఫ్రీక్వెన్సీల్లో, అంటే సెకనుకి తక్కువసార్లు కంపించే శబ్దాల్లో ఉంటుంది. వెయ్యి హెర్ట్జ్, అంటే సెకనుకి వెయ్యి కంపనాల లోపు, కొన్నిటికి కాస్త పైన. పైగా ఎంతసేపైనా సాగదీయొచ్చు. హల్లులు అలా కాదు. క, త, చ, ప అన్నవి సెకనులో వందో వంతులు లెక్కపెట్టేలోపే అయిపోతాయి, గొంతులో బలమూ వాటికి తక్కువే. స, శ, ష లాంటి ఊష్మాలైతే నాలుగు వేల హెర్ట్జ్ పైకి కూడా పోతాయి. మనిషి చెవి పుట్టినప్పుడు 20 నుంచి 20,000 హెర్ట్జ్ దాకా వింటుంది. వయసుతోపాటు పైనుంచి తరుగుతూ వస్తుంది. అంటే ముందు పోయేవి హల్లులే.

ఎందుకు పైనుంచే తరుగుతుంది? లోపలి చెవిలో కాక్లియా అని ఒకటుంది, నత్తగుల్లలా చుట్టుకుని ఉంటుంది. దాని పొడవునా సన్నటి రోమకణాలు, ఒక్కో చెవిలో దాదాపు 15,000. శబ్దం లోపలికి అడుగుపెట్టే గుమ్మం దగ్గరున్నవి హెచ్చు ఫ్రీక్వెన్సీలని అందుకుంటాయి, లోపలి కొసన ఉన్నవి తక్కువవాటిని. ముందుగా దెబ్బతినేవి గుమ్మం దగ్గరివే. పోయిన రోమకణం మనుషుల్లో మళ్ళీ మొలవదు. కోడిపిల్లల్లో మొలుస్తుంది. మనకా యోగం లేదు.

ఈఎన్‌టీ డాక్టరు గారి దగ్గరికి వెళ్తే ఆడియోగ్రామ్ తీయించమన్నారు. చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్స్ తగిలించి, చేతికి ఒక బటన్ ఇస్తారు. కూ... అని ఎంత సన్నగా వినపడినా నొక్కాలి. నొప్పి లేదు, సూది లేదు. ఒకటే ఇబ్బంది. కొంతసేపటికి నిజంగా వినపడుతోందో, వినపడుతున్నట్టు మనమే అనుకుంటున్నామో తెలియదు. పరీక్ష హాల్లో పక్కవాడి పేపరు చూడకుండా రాస్తున్న స్టూడెంటులా కూర్చున్నాను. (నవ్వులు) చివరికి ఒక కాగితం చేతికిచ్చారు. ఎడమనుంచి కుడికి 250 నుంచి 8,000 హెర్ట్జ్ దాకా. నా గీత రెండు వేల దాకా బల్లపరుపుగా వెళ్ళింది, అక్కణ్ణించి కిందికి దిగిపోయింది, అంటే ఆ పై శబ్దాలు నాకు సరిగా అందడం లేదు. "వయసుతో వచ్చేదే మేడమ్" అంది పరీక్ష చేసిన పిల్ల. అది ఓదార్పో, రోగనిర్ధారణో నాకు తెలియలేదు.

ఆ కాగితం ఇంటికి తెచ్చుకుని, పాట మీద పెట్టి లెక్కేసుకున్నాను. మనలో సంగీతం నేర్చుకున్నవాళ్ళున్నారు కాబట్టి చెప్తున్నాను. ఐదున్నర శ్రుతిలో పాడే గాయని ఆధార షడ్జమం, అంటే మొదటి "స", 208 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. తారస్థాయి షడ్జమం దానికి రెట్టింపు, 415. అక్కణ్ణించి ఇంకా పైకెళ్ళి తారస్థాయి పంచమం అందుకుని నిలబడితే సభలో చప్పట్లు మోగిపోతాయా, అది కూడా 620 దగ్గరే! మగవాళ్ళ గొంతు ఇంకా కింద. అంటే రాగం మొత్తం, స్వరాలన్నీ, నా కాగితంలో గీత బల్లపరుపుగా ఉన్న చోటే పడుతున్నాయి. మోహన, కల్యాణి ఎక్కడికీ పోలేదు. పోయింది సాహిత్యం. గంటలు, మువ్వలు, కంజీర చక్రాల గలగల కూడా పోయాయి. కచేరీలో పళ్ళ మధ్య పెట్టుకుని మీటే మోర్సింగ్ కూడా ఈ మధ్య నాకు ఎక్కువగా కనపడటమే గానీ వినపడటం తక్కువ.

అలాగైతే పాత పాట సాహిత్యం మాత్రం ఎలా అర్థమవుతోంది? అక్కడా అవే హల్లులు కదా. దీనికి జవాబు మీకీపాటికి తట్టే ఉంటుంది. పాత పాట మనకి కంఠతా వచ్చు. చెవి సగం అందిస్తుంది, మిగతా సగం బుర్ర పూరిస్తుంది. ఎంత నేర్పుగా పూరిస్తుందంటే, పూరించానని మనకి తెలియనివ్వదు. మనం విన్నామనే అనుకుంటాం.

నమ్మకం లేక మా మనవరాలితో కలిసి ఒక పరీక్ష పెట్టుకున్నాను. ఘంటసాల, సుశీల పాడినవే, 1950ల నాటి పాటలు, నేనెప్పుడూ వినని సినిమాలవి వెతికి పెట్టమన్నాను. ఆడకుండా పోయిన సినిమాలు తక్కువేం లేవు మనకి. నేను కాగితం మీద వినపడింది వినపడినట్టు రాయాలి, అది దిద్దాలి. తర్వాత ఈ కాలం పాటతో అదే పని. కొత్త పాటలో ఖాళీలు చాలా వచ్చాయి, ఒప్పుకున్నాను. కానీ పాత పాటలోనూ బాగానే వచ్చాయి! ఒక చరణంలో "కోవెల" ఉంటే "ఓ వేళ" అని రాశాను. "అమ్మమ్మా, ఘంటసాల కూడా సరిగ్గా పలకట్లేదా?" అంది ఆ భడవ. (నవ్వులు, చప్పట్లు)

చప్పట్లు దానికి కొట్టారని అర్థమైంది లెండి.

ఇందులో నాకు బాగా నచ్చిన మెలిక ఇంకొకటుంది. మనం ఆ పాటలు మొదట విన్నది దేంట్లో? రేడియోలో. విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. మా నాన్నగారు పొద్దున్నే స్టేషన్ పెట్టేవారు, భక్తిరంజని అయ్యేదాకా ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడకూడదు. బాలాంత్రపు రజనీకాంతరావు గారు, మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు ఆ కేంద్రంలో చేసిన పని అంతా మన తరం చెవుల్లోకి వెళ్ళింది. అదంతా మీడియం వేవ్. మన దేశంలో మీడియం వేవ్ స్టేషన్లని తొమ్మిది కిలోహెర్ట్జ్ ఎడంతో సర్దుతారు. ఆ ఎడంలో పట్టే శబ్దం నాలుగున్నర వేల హెర్ట్జ్ దాకానే. మన ఇళ్ళలోని రేడియో పెట్టెలు అదీ పూర్తిగా ఇచ్చేవి కావు. అంటే మన జ్ఞాపకంలో ఉన్న పాటలో మొదటినుంచీ పై భాగం లేనే లేదు. అప్పుడు రేడియో ఇవ్వలేదు, ఇప్పుడు చెవి పుచ్చుకోవడం లేదు. లెక్క సరిపోయింది. అందుకే పాత పాట విన్నప్పుడు మనకి లోటు తెలియదు. కొత్త పాట చేసినవాడు పైదాకా నింపి పంపిస్తున్నాడు, మనదాకా అడుగు భాగమే చేరుతోంది. డ్రమ్ములు, బేసు. "ఒకటే బాదుడండీ" అంటాం. మనకి వినపడేది బాదుడే మరి.

ఇక మొదటి సగం, కొత్తవాళ్ళ తప్పు. దాన్ని నేను కొట్టిపారెయ్యడం లేదు. అప్పట్లో రికార్డింగ్ థియేటర్‌లో పాడేవాళ్ళూ వాయించేవాళ్ళూ కలిసి ఒకేసారి పాడాలి. మైకులు తక్కువ, మోనో రికార్డింగ్, అంటే అన్ని శబ్దాలూ ఒకే ట్రాకులో. గొంతు వెనకబడితే పాట పోయినట్టే, అందుకని గొంతుని ముందు నిలబెట్టి మిగతావన్నీ వెనక సర్దేవారు. నిమిషానికి 78 చుట్లు తిరిగే గ్రామఫోన్ రికార్డుకి ఒక వైపు మూడు, మూడున్నర నిమిషాలు. ఆ కాసేపట్లో చెప్పదలుచుకున్నది చెప్పాలి కాబట్టి మాట వెయ్యడంలో పొదుపు ఉండేది. ఇప్పుడు ఎన్ని ట్రాకులైనా కలుపుకోవచ్చు. గొంతునే ఒక వాయిద్యంగా వాడుతున్నారు. అది వాళ్ళ పద్ధతి. నాకు నచ్చదు, కానీ చేతకాక చేస్తున్నారని అనను.

మన ఇంట్లో టీవీకి కూడా అందులో వాటా ఉంది. పాత డబ్బా టీవీకి స్పీకరు ముందువైపు ఉండేది, మన మొహం మీదకే మాట్లాడేది. ఈ పల్చటి టీవీల్లో స్పీకర్లు చాలావాటికి కిందివైపో, వెనకవైపు గోడకేసో ఉంటాయి. థియేటర్‌లో డైలాగు కోసం తెర వెనక నడిమధ్య వేరే స్పీకరు ఉంటుంది. ఆ సినిమానే ఇంటికొచ్చేసరికి డైలాగూ, నేపథ్య సంగీతమూ ఆ చిన్న స్పీకర్లలో కలగాపులగం అవుతాయి. హీరో గుసగుసగా మాట్లాడతాడు, మావారు వాల్యూమ్ పెంచుతారు. మరుక్షణం కారు పేలుతుంది, నేను రిమోట్ లాక్కుంటాను. సెట్టింగుల్లో సౌండ్ అని ఉంటుంది, అందులో కొన్ని టీవీలకి మాటలు స్పష్టంగా వినిపించే ఆప్షన్ ఉంటుంది. పిల్లలొచ్చినప్పుడు పెట్టించుకోండి. ఓటీటీలో సబ్‌టైటిల్స్ పెట్టుకుందామంటే తెలుగు సినిమాకి చాలాసార్లు ఇంగ్లీషులోనే వస్తాయి. తెలుగు మాట తెలుగు అక్షరాల్లో వెయ్యడానికి ఏం కష్టమో! చెవి సరిగా వినపడని తెలుగువాళ్ళు లక్షల్లో ఉంటారు, వాళ్ళూ డబ్బు కడుతున్నారు.

మనమీద ఇంట్లోవాళ్ళకి ఉండే ఇంకో ఫిర్యాదు. "మెల్లిగా చెప్తే వినపడదంటావు, గట్టిగా చెప్తే ఎందుకు అరుస్తున్నావంటావు." మనం వేషాలు వేస్తున్నామని వాళ్ళ అనుమానం. వేషాలు కావు. రోమకణాలు పాడైన చెవికి సన్న శబ్దం అందదు, కానీ గట్టి శబ్దం దగ్గర హద్దు మామూలువాళ్ళకి ఉన్నచోటే ఉంటుంది. రెండిటి మధ్య జాగా కుంచించుకుపోతుంది. కాస్త పెంచితే చాలు, నెత్తిన పడ్డట్టు ఉంటుంది. కాబట్టి కోడళ్ళకీ, కొడుకులకీ నా తరఫున చెప్పండి. గట్టిగా అక్కర్లేదు. మా ఎదురుగా వచ్చి, నెమ్మదిగా, మొహం కనపడేలా చెప్పండి. వంటింట్లోంచి హాల్లోకి కేకేసి, వినలేదని అలగొద్దు. 

రాత్రిపూట హోరు ఎవరికైనా ఉందా? చేతులెత్తక్కర్లేదు, నాకుంది. అంతా పడుకున్నాక మొదలవుతుంది, ఈ... అని. మొదటి రాత్రి ఉప్పాడ సముద్రం ఇక్కడిదాకా వచ్చిందా అనుకున్నాను. తర్వాత ఫ్రిజ్ అనుకుని లేచి వెళ్ళి ప్లగ్ తీసేశాను. దీనికి చాలామంది ఒప్పుకునే వివరణ ఏంటంటే, చెవినుంచి రావాల్సిన హెచ్చు శబ్దాలు రాకపోతే మెదడు ఆ వైపు వాల్యూమ్ పెంచుకుంటుంది, ఖాళీ స్టేషన్లో రేడియో పెట్టినట్టు ఆ పెంచిన మోతే వినపడుతుంది. నిశ్శబ్దంలోనే ఎక్కువ బాధపెడుతుంది కాబట్టి, నిశ్శబ్దం లేకుండా చూసుకోవడమే ఉపాయం. కొందరు ఫ్యాన్ శబ్దంతో సరిపెట్టుకుంటారు. నేను ఫోన్‌లో తంబూరా పెట్టుకుంటాను. పంచమం, సారణి, అనుసారణి, మంద్రం, ఆ నాలుగు తీగలే, అంతే, పాట లేదు. పాట పెడితే సాహిత్యం వెంట మనసు పోతుంది, నిద్ర రాదు. తంబూరాలో వెంటపడాల్సినది ఏమీ లేదు. హోరుని ముంచేసేంత గట్టిగా పెట్టకూడదని డాక్టరు గారు చెప్పారు. హోరు కొంచెం పైన వినపడుతూనే ఉండాలట, అప్పుడే మెదడు దాన్ని పట్టించుకోవడం మానేస్తుందట. నాకు పోలేదు గానీ, దానిమీద కోపం పోయింది.

ఇక పెళ్ళిళ్ళు. ఒకప్పుడు సన్నాయి మేళం, దానికితోడు స్తంభానికి కట్టిన మైకు. ఇప్పుడు డీజే. 85 డెసిబెల్స్ శబ్దంలో ఎనిమిది గంటలు ఉండొచ్చని ఒక లెక్క ఉంది. మూడు డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా ఉండగలిగే సమయం సగమవుతుంది. 88 అయితే నాలుగు గంటలు. అలా వెళ్తే 100 దగ్గర పావుగంట. డీజే పెట్టె పక్కన వందకి తక్కువ ఉండటం అరుదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇలాంటి చోట్లకి సగటున వంద దాటొద్దని ప్రమాణం పెట్టింది. మన దేశంలో 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమాల ప్రకారం రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లు నిషేధం. ముహూర్తం రాత్రి రెండింటికి పెట్టుకునే మనకి ఆ నియమం ఎవరు గుర్తుచేస్తారు? పసిపిల్లల్ని ఆ పెట్టెల ముందు ఎత్తుకుని డాన్స్ చేయిస్తున్నారు, అది చూస్తే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది. మన చెవులు అరవై ఏళ్ళు వాడుకున్నాక అరిగాయి. వాళ్ళవి ఇంకా మొదలే కాలేదు.

సమయం అయిందని అధ్యక్షులు గారు గడియారం చూస్తున్నారు. ప్రశ్నలుంటే అడగండి.

(సభలోంచి: చెవిలో గులిమి తీయించుకుంటే సరిపోతుందేమో కదండీ?)

ఆయ్, ఒక్కోసారి నిజంగానే సరిపోతుంది. గులిమి గడ్డకట్టి దారి మూసేస్తే చెవుడే వస్తుంది, తీయించగానే లోకం గోలగోలగా వినపడుతుంది. కానీ తీసేది డాక్టరు అవ్వాలి. మనం ఏవేవి పెడతామో నాకు తెలుసు. అగ్గిపుల్ల, పిన్నీసు, బండి తాళంచెవి. (నవ్వులు) దూది పుల్ల కూడా పనికిరాదు, అది గులిమిని ఇంకా లోపలికి తోస్తుంది. చెవి తనంతట తానే బయటికి నెట్టుకుంటుంది. కర్ణభేరికి చిల్లు ఉందేమో తెలియకుండా కొబ్బరినూనె కూడా పోసుకోవద్దు.

(సభలోంచి: మా అన్నయ్యకి చెవి మిషన్ పెట్టించాం. మాటలు బాగున్నాయి గానీ పాట వింటే వికారంగా ఉందంటున్నారు.)

నిజమే చెప్తున్నారాయన. మిషన్ తయారైంది మాట కోసం. అది కుయ్ మని ఈల వెయ్యకుండా లోపల ఒక ఏర్పాటు ఉంటుంది, ఒకే స్వరం నిలకడగా వస్తే అది ఈలే అనుకుని అణచడానికి చూస్తుంది. వేణువు వాయించేవారు ఒక స్వరం మీద నిలబడితే మిషన్‌కి అదీ ఈలే. అందుకని పాట వణికినట్టు, చిట్లినట్టు ఉంటుంది. చాలా మిషన్లలో సంగీతానికి వేరే ప్రోగ్రామ్ ఉంటుంది. పెట్టినవాళ్ళ దగ్గరికే తీసుకెళ్ళి, పాటలు వింటాను, అది వేసివ్వండి అని అడగమనండి. అడిగితేనే వేస్తారు. ఖరీదు అనుకునేవాళ్ళకి ఇంకో మాట. దారిద్ర్యరేఖకి దిగువనున్న పెద్దవాళ్ళకి 2017 నుంచి కేంద్రం వయోశ్రీ పథకంలో చెవి మిషన్లు ఇస్తోంది. మన వీధుల్లో పనిచేసుకునే పెద్దవాళ్ళకి ఆ సంగతి తెలియదు, చెప్పండి.

(సభలోంచి: మీరు చెప్పిన ఆ హోరుకి మాత్రలేమీ లేవాండీ?)

దాన్ని పోగొడుతుందని రుజువైన మాత్ర లేదు. ఫోన్‌లో ప్రకటనలు వస్తాయి, కొనకండి. రెండు చెవుల్లోనూ సన్నగా, ఎప్పటినుంచో ఉంటే కంగారు లేదు, తీరిగ్గా ఆడియోగ్రామ్ తీయించుకోండి. ఒక్క చెవిలోనే ఉన్నా, నాడి కొట్టుకున్నట్టు లయగా వస్తున్నా ఈ వారంలోనే చూపించండి. పొద్దున లేచేసరికి ఒక చెవి ఉన్నట్టుండి వినపడటం మానేసిందనుకోండి, జలుబేమోలే అని విక్స్ రాసుకుని కూర్చోవద్దు. దానికి స్టెరాయిడ్ మందు ఉంది, మొదటి కొద్ది రోజుల్లో మొదలుపెడితేనే దాని ఫలితం ఎక్కువ. ఆ రోజే వెళ్ళండి. ఆదివారమైనా సరే, ఇంట్లో పెళ్ళైనా సరే.